ప్రపంచ జాబితాలో అమెరికా ఖాళీ గడులు: జావెలిన్ నుంచి పదివేల మీటర్ల దాకా

రేడియో కామెంటరీ (విజయవాడ)

2025 సెప్టెంబర్ 18న టోక్యో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో జావెలిన్ ఫైనల్ చూసిన దగ్గర్నుంచీ ఒక సందేహం పీడిస్తోంది. నీరజ్ చోప్రా 84.03 మీటర్లతో 8వ స్థానంలో ఆగిపోయాడు, సచిన్ యాదవ్ 86.27తో నాలుగో స్థానంలో నిలిచాడు, ఇవన్నీ మనం ఇప్పటికే మరో చర్చలో ఏడ్చుకున్నాం. కాంస్యం గెలిచిన కర్టిస్ థాంప్సన్‌ది 86.67. సచిన్‌కు తగ్గింది 40 సెంటీమీటర్లు, మూరెడు కూడా లేదు.

థాంప్సన్ అమెరికా ఆటగాడు. అమెరికావాడికి పతకం రావడం వింతేమిటని మా అబ్బాయి అడిగాడు. వెతికి చూస్తే వింతే. పురుషుల జావెలిన్‌లో అమెరికాకు చివరి ఒలింపిక్ పతకం 1972 మ్యూనిక్‌లో, బిల్ ష్మిత్ గెలిచిన కాంస్యం. ప్రపంచ పోటీలు 1983లో మొదలైతే ఇప్పటికి వచ్చినవి మూడే: 1983లో టామ్ పెట్రనాఫ్ రజతం, 2007లో బ్రో గ్రీర్ కాంస్యం, ఇప్పుడు ఇది. 1952 హెల్సింకీలో స్వర్ణం, రజతం రెండూ పట్టుకెళ్లిన దేశం ఇది!

ఒలింపిక్స్ వస్తే సంచులకొద్దీ పతకాలు మోసుకెళ్లే దేశం కొన్ని అంశాల్లో ఏళ్ల తరబడి ప్రపంచ జాబితాలో ఎందుకు కనిపించదు? తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కలవాడు (హైదరాబాద్)

ముందు ఏ జాబితా గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుందాం, లేకపోతే ఎవరి పాట వారిదే అవుతుంది.

పాత జాబితా ట్రాక్ అండ్ ఫీల్డ్ న్యూస్ పత్రికది. 1947 నుంచి ఏటా ఒక్కో అంశంలో పదిమందిని ఎంపిక చేస్తోంది. ఏ పెద్ద పోటీలు గెలిచారు, ఎవరు ఎవరిని ఓడించారు, ఏడాది పొడవునా ప్రదర్శన ఎలా ఉంది అన్నవి ఆ వరుసలోనే చూస్తుంది. గాలి కలిసొచ్చిన రోజు ఒక్క పెద్ద విసురు విసిరి ఇంటికెళ్లిన వాడికి అందులో చోటు కష్టం. కొత్త జాబితా వరల్డ్ అథ్లెటిక్స్‌ది, 2019 నుంచి నడుస్తోంది. అది పాయింట్ల సగటు. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 100 మీటర్ల హర్డిల్స్‌లో వెళ్లింది ఆ దారిలోనే.

పతకం వేరు, జాబితాలో చోటు వేరు. 1992లో పది అంశాల డెకాథ్లాన్ ఆటగాడు డాన్ ఓబ్రయన్ అమెరికా సెలక్షన్ పోటీల్లో పోల్ వాల్ట్ దగ్గర ఒక్క ఎత్తూ దాటలేక ఒలింపిక్స్‌కే పోలేదు. అదే ఏడాది సెప్టెంబరులో డెకాథ్లాన్‌లో 8,891 పాయింట్లతో ప్రపంచ రికార్డు కొట్టాడు. పతకాలు మాత్రమే లెక్కపెట్టేవాడికి ఆ ఏడాది ఓబ్రయన్ లేనే లేడు.

అయినా ఇక్కడ పతకాల లెక్కే వాడుకుందాం, ఎవరైనా రెండు నిమిషాల్లో సరిచూసుకోవచ్చు.

పాత కత్తిరింపులు (వరంగల్)

వ్యాయామ ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. పత్రికల కత్తిరింపులు అట్టపెట్టెల్లో పెట్టుకోవడం నా జబ్బు, మా ఇంట్లో దాని మీద పాత వివాదం ఉంది. జావెలిన్‌ను మించిన కథ హ్యామర్‌ది, అంటే తీగకు కట్టిన ఇనుప గుండును తిప్పి విసిరే ఆటది, అది చెబుతాను.

1900 నుంచి 1924 వరకు జరిగిన ఆరు ఒలింపిక్స్‌లో హ్యామర్ స్వర్ణం ఆరుసార్లూ అమెరికాదే. అందులో మూడు జాన్ ఫ్లానగన్ ఒక్కడివే. ఆయనా, 1912లో గెలిచిన మాట్ మెక్‌గ్రాత్, ఇద్దరూ ఐర్లాండ్‌లో పుట్టి న్యూయార్క్ పోలీసులుగా పనిచేసినవాళ్లు. ఆ తరం దాటాక మళ్లీ స్వర్ణం 1956 మెల్‌బోర్న్‌లో, హాల్ కానలీ చేతిలో, 63.19 మీటర్లు. ఆయన ఎడమ చెయ్యి పుట్టుకలోనే దెబ్బతిన్నది, కుడిచేతి కన్నా పొట్టి, సన్నం. హ్యామర్‌లో పిడిని ముందు పట్టుకునేది ఎడమ చెయ్యే, లాగుడంతా మొదట దాని మీదే పడుతుంది. ఆ చేత్తో గెలిచాడు.

తర్వాత 40 ఏళ్లు ఒక్క పతకం లేదు. 1996 అట్లాంటాలో లాన్స్ డీల్ చివరి విసురులో 81.12 విసిరి రజతం పట్టుకున్నాడు, హంగరీకి చెందిన బలాష్ కిష్‌ది 81.24. అంతే, ఆ తర్వాత మగవాళ్లలో ఒలింపిక్ పతకం ఇప్పటికీ లేదు.

మహిళల కథ వేరు. 2019లో డియానా ప్రైస్, 2022లో బ్రూక్ ఆండర్సన్ ప్రపంచ విజేతలయ్యారు. ఒకే దేశం, ఒకే ఆట, ఆడవాళ్లు పైకి, మగవాళ్లు కిందికి. ఎందుకో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

తూనీగ (బెంగళూరు)

దీనికి ఇంత పరిశోధన ఎందుకండీ? అక్కడ ఆరున్నర అడుగుల ఎత్తు, నూట ఇరవై కిలోల బరువు ఉన్న కుర్రాడు పుడితే వాడు హ్యామర్ తిప్పడు, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడు. డబ్బు ఎక్కడుంటే మనిషి అక్కడ. చర్చ ముగిసింది, టీ తాగి రండి.

పాత కత్తిరింపులు (వరంగల్)

టీ తాగే వచ్చాను బాబూ. నీ మాటలో సగం నిజముంది, ఆ సగానికి సాక్ష్యం నేనే ఇస్తాను. రెనాల్డో నెహమయా 1981లో జ్యూరిక్‌లో 110 మీటర్ల హర్డిల్స్ 12.93 సెకన్లలో పరుగెత్తాడు, 13 సెకన్ల గోడ దాటిన మొదటి మనిషి. మరుసటి ఏడాదే శాన్ ఫ్రాన్సిస్కో ఫుట్‌బాల్ జట్టులో చేరిపోయాడు. వృత్తి ఆటగాడివయ్యావు కనుక పరుగు పందేలకు పనికిరావన్నారు. 1986 వరకు మళ్లీ ట్రాక్ మీదికి రానివ్వలేదు. ప్రపంచ రికార్డు పేరు మీద ఉన్న మనిషి జాబితాలో లేకుండా పోయాడు!

అదే జట్టులోకి 1984లో మైకేల్ కార్టర్ వెళ్లాడు. లాస్ ఏంజెలెస్‌లో షాట్‌పుట్ రజతం గెలిచి, ఆ సీజన్‌లోనే ఫుట్‌బాల్ ఆఖరి పోటీ సూపర్ బౌల్ కూడా గెలిచాడు. ఇక షాట్ పట్టలేదు. ఆయన కూతురు మిషెల్ పట్టింది. 2016 రియోలో వాలెరీ ఆడమ్స్ 20.42తో ముందుండగా, మిషెల్ ఆఖరి ప్రయత్నంలో 20.63 విసిరింది. మహిళల షాట్‌పుట్‌లో అమెరికాకు అంతకు ముందు వచ్చిన ఒలింపిక్ పతకం 1960లో అర్లీన్ బ్రౌన్ కాంస్యం. మధ్యలో 56 ఏళ్లు. అందులో కొంత భాగం తూర్పు జర్మనీ మాత్రల పుణ్యం అనుకోండి, ఆ రోజుల్లో మందులు వాడని అమ్మాయికి ఫైనల్ చేరడమే గగనం.

అయితే ఫుట్‌బాలే కారణమైతే పురుషుల షాట్‌పుట్‌లో కూడా వాళ్లు మాయమవ్వాలి కదా? అక్కడ రాజ్యం వాళ్లదే. ఆ మిగతా సగం కూడా నువ్వే చెప్పు.

విచిటా నాన్న (కాన్సస్)

మాస్టారు అడిగిన మిగతా సగం మా గ్యారేజీలో ఉంది, చెబుతాను.

మేము మొదట డాలస్‌లో ఉండేవాళ్లం. టెక్సస్ హైస్కూళ్లలో షాట్‌పుట్ ఉంది, డిస్కస్ ఉంది, జావెలిన్ లేదు. కాలిఫోర్నియాలోనూ లేదు. జనాభాలో మొదటి రెండు స్థానాల్లో ఉన్న రాష్ట్రాలివి. అక్కడ పద్నాలుగేళ్ల పిల్లవాడు జావెలిన్ టీవీలో చూడాల్సిందే. హ్యామర్ అయితే బడిలో కనిపించేది రోడ్ ఐలాండ్ లాంటి ఏ ఒకటి రెండు చోట్లో. ఉద్యోగరీత్యా మేము విచిటాకు మారాం. కాన్సస్ బడుల్లో జావెలిన్ ఉంది. మా వాడు బేస్‌బాల్‌లో బంతి విసిరే చెయ్యి, అందుకని కోచ్ పిలిచి చేతిలో పెట్టాడు. మేము డాలస్‌లోనే ఉండిపోయి ఉంటే వాడి చేతికి జావెలిన్ వచ్చేదే కాదు.

మొదటి రోజు నేనూ వెళ్లాను. బేస్‌బాల్ అలవాటు వల్ల మోచెయ్యి కిందికి జారుతోంది. మోచెయ్యి జారితే జావెలిన్ తోక అటూ ఇటూ ఊగుతుంది, మొన ఆకాశం వైపు లేస్తుంది. కాన్సస్‌లో ఏప్రిల్ గాలి తెలుసు కదా, ఎదురుగాలికి మొన లేస్తే అక్కడే నిలబడిపోయి తాటికాయలా దబ్బున పడుతుంది. మూడుసార్లు అలాగే పడింది. నాలుగోసారి ఎందుకో మోచెయ్యి చెవి పక్కగా వచ్చింది. జావెలిన్ వణుకు లేకుండా వెళ్లి మొన నేలలో దిగింది. దూరం పెద్దదేమీ కాదు. కానీ వాడు వెనక్కి తిరిగి నా వైపు చూసిన చూపు ఉందే, ఆ రోజుతో బేస్‌బాల్ పని అయిపోయిందని నాకు అర్థమైంది.

శిక్షకుడికి ఫుట్‌బాల్ అసలు పని, జావెలిన్ కొసరు. ఆయన మంచివాడే, ఉన్నమాట చెబుతున్నాను.

లెక్కలవాడు (హైదరాబాద్)

విచిటా గారి మాటకు కాలేజీ లెక్క జోడిస్తాను. అక్కడి కాలేజీ పోటీల్లో పెద్ద స్థాయిలో ఒక ట్రాక్ జట్టు మొత్తానికి మగవాళ్లకు 12.6, ఆడవాళ్లకు 18 స్కాలర్‌షిప్‌లే ఇవ్వాలన్న నియమం చాలాకాలం నడిచింది. 2025లో దాని స్థానంలో జట్టు సంఖ్యకు పరిమితి వచ్చింది. పన్నెండున్నరను పరుగులు, దూకుళ్లు, విసురులు అన్నిటికీ పంచాలి. 200, 400, రిలే మూడింట్లోనూ పాయింట్లు తెచ్చే కుర్రాడు ఉంటే, ఒక్క జావెలిన్ మాత్రమే విసిరేవాడికి కోచ్ ఎంత ఇస్తాడు? ఆడవాళ్లకు వాటా ఎక్కువ కాబట్టి విసురులకు కాస్త మిగిలేది. మాస్టారు అడిగిన హ్యామర్ చిక్కుముడికి ఇది పూర్తి జవాబని అనను, ఒక పోగు మాత్రం.

ఇంకొక తమాషా. టోక్యోలో రజతం గెలిచిన గ్రెనడా ఆటగాడు ఆండర్సన్ పీటర్స్, కాంస్యం గెలిచిన థాంప్సన్, ఇద్దరూ చదివింది మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీలోనే. పీటర్స్ 2018, 2019లో అమెరికా కాలేజీ విజేత కూడా. శిక్షణ లేదని అనలేం, ఉన్న శిక్షణ వాడుకునే స్థానికులు తక్కువ.

విచిటా నాన్న (కాన్సస్)

అవును. మన తేజస్విన్ శంకర్ హైజంప్‌లో కాలేజీ టైటిల్ రెండుసార్లు గెలిచింది మా పక్కనున్న కాన్సస్ స్టేట్‌లోనే కదా.

చివరి మలుపు (గుంటూరు)

విసురుల సంగతి వదిలేయండి, అసలు కథ దూరపు పరుగులది. నాకు ఇదొక పిచ్చి, కాస్త పొడవుగా రాస్తాను, ఓర్చుకోండి.

1964 టోక్యో. పదివేల మీటర్లలో బిల్లీ మిల్స్, ఐదువేలలో బాబ్ షుల్, ఇద్దరూ స్వర్ణాలు గెలిచారు. ఐదువేలలో కాంస్యం కూడా అమెరికాదే, బిల్ డెలింజర్‌ది. ఇక దూరపు పరుగులు మావే అనుకుని ఉంటారు. ఆ తర్వాత పదివేలలో పురుషులకు మరో పతకం రావడానికి 48 ఏళ్లు పట్టింది: 2012 లండన్‌లో గేలెన్ రప్, మో ఫరా వెనక అర సెకను లోపు. 1500లో ఇంకా ఘోరం. మెల్ షెపర్డ్ 1908లో స్వర్ణం గెలిచాక మళ్లీ స్వర్ణం 2016లో మాథ్యూ సెంట్రోవిట్జ్‌ది. 108 ఏళ్లు! ఆయన గెలిచిన సమయం 3:50.00, అంత నెమ్మదైన ఒలింపిక్ ఫైనల్ చాలా కాలంగా లేదు, అయితేనేం, ముందుండి నడిపించి గెలిచాడు.

అడ్డుకట్టలూ నీటి గుంటా దాటుతూ పరుగెత్తే స్టీపుల్‌చేజ్‌లో 1952లో హోరెస్ యాషెన్‌ఫెల్టర్ గెలిచాడు. ఎఫ్‌బీఐ ఉద్యోగి. వెనక తరుముతూ వచ్చింది సోవియట్ పరుగువీరుడు కజాంత్సెవ్. ఎఫ్‌బీఐ వాడు రష్యావాడి చేత వెంబడింపబడటం ఇదే మొదటిసారి అని అప్పట్లో నవ్వుకున్నారు. ఆ తర్వాత ఆ స్వర్ణం లేదు. 1984లో బ్రయన్ డీమర్ కాంస్యానికీ, 2016లో ఎవన్ జేగర్ రజతానికీ మధ్య 32 ఏళ్లు.

అట్టడుగు 2000 సంవత్సరం. సిడ్నీ మారథాన్‌కు ఒక దేశం ముగ్గురిని పంపవచ్చు. అమెరికా పంపింది మగవాళ్లలో ఒక్కరిని, ఆడవాళ్లలో ఒక్కరిని. సెలక్షన్ గెలిచినవాళ్లకు కూడా ముగ్గురిని పంపడానికి కావలసిన మొదటి స్థాయి అర్హత సమయం లేదు మరి. ఫ్రాంక్ షార్టర్, జోన్ బెనాయిట్ స్వర్ణాలు గెలిచిన దేశం!

తూనీగ (బెంగళూరు)

కెన్యా, ఇథియోపియా వచ్చాయి, వీళ్లు వెనకబడ్డారు. ఇందులో రహస్యమేముంది?

చివరి మలుపు (గుంటూరు)

తూనీగ గారూ, కెన్యావాళ్లు బాగా పరుగెత్తితే అమెరికావాడి గడియారం ఎందుకు నెమ్మదిస్తుంది? స్థానం పోవడం ఒక సంగతి, అర్హత సమయమే అందకపోవడం ఇంకొక సంగతి. రెండోది పోటీ వల్ల జరగదు. 1996లో బాబ్ కెనెడీ ఐదువేలు 12:58.21లో పరుగెత్తాడు, ఆఫ్రికా బయట పుట్టినవాళ్లలో 13 నిమిషాల లోపు వచ్చిన మొదటివాడు. ఏం చేశాడయ్యా అంటే, కెన్యావాళ్లతో కలిసి సాధన చేశాడు. కానీ ఒక్కడే. గుంపు లేదు.

నా దృష్టిలో తేడా అక్కడే ఉంది. కాలేజీ అయిపోయాక ఇరవై రెండేళ్ల కుర్రాడికి దిక్కులేదు. దూరపు పరుగువాడు పండేది ఇరవై ఆరు, ఇరవై ఎనిమిదికి. ఆ మధ్య నాలుగైదేళ్లు తిండి ఎవరు పెట్టాలి? ఒంటరిగా, పార్ట్‌టైమ్ ఉద్యోగంతో, ఊరి రోడ్ల మీద పరుగెత్తి మానేసినవాళ్లే ఎక్కువ. 2000 ప్రాంతంలో దాన్ని పట్టుకున్నారు. మిషిగన్‌లో హాన్సన్స్ సోదరుల బృందం, కాలిఫోర్నియా కొండల్లో మామత్ లేక్స్ దగ్గర సుమారు 2,400 మీటర్ల ఎత్తున మరో బృందం. ఆ కొండ మీద సాధన చేసిన మెబ్ కెఫ్లెజిగి, డీనా కాస్టర్ 2004 ఏథెన్స్ మారథాన్‌లో రజతం, కాంస్యం తెచ్చారు. నాలుగేళ్ల ముందు చెరొక్కరిని పంపిన దేశమే ఇది.

ఓరెగాన్‌లో ఇంకో పెద్ద బృందం ఉండేది, రప్ అందులోవాడే. దాని కోచ్ సలాజర్‌పై 2019లో మందుల నియమాల ఉల్లంఘన కింద నిషేధం పడింది, బృందం మూతపడింది. ఆ మచ్చ దాచి కథ చెప్పడం న్యాయం కాదు కాబట్టి రాశాను.

రేడియో కామెంటరీ (విజయవాడ)

కెఫ్లెజిగి ఎరిట్రియాలో పుట్టాడు, అమెరికాకు పరుగెత్తిన బెర్నార్డ్ లాగట్ అంతకు ముందు కెన్యాకు రెండు ఒలింపిక్ పతకాలు తెచ్చి వచ్చాడు, ఐదువేల మీటర్ల పాల్ చెలిమో కూడా కెన్యాలో పుట్టినవాడే. వీళ్లతో నిండితే ఖాళీ నిండినట్టేనా? వివాదం కోసం కాదు, నిజంగానే అడుగుతున్నాను.

విచిటా నాన్న (కాన్సస్)

ఈ ప్రశ్న నన్ను అడిగితే నేను నిష్పక్షపాతంగా చెప్పలేను సార్. కెఫ్లెజిగి పన్నెండేళ్ల వయసులో శరణార్థి కుటుంబంతో వచ్చాడు, పరుగు నేర్చింది శాన్ డియాగో బడిలో. మా వాడు నాలుగేళ్లకు వచ్చాడు. వాడు రేపు ఏదైనా విసిరితే అది ఎవరి ఖాతాలో రాస్తారు? ఇక మాస్టారు చెప్పిన ఫ్లానగన్ కూడా ఐర్లాండ్ నుంచి ఓడెక్కి వచ్చినవాడే.

లెక్కలవాడు (హైదరాబాద్)

లాగట్ సంగతి వేరనుకుంటాను, ఆయన తయారై వచ్చిన ఆటగాడు. కానీ ఆ లెక్క తీసేసినా ఖాళీలు నిండాయి. పారిస్ 1500లో కోల్ హాకర్ 3:27.65తో ఒలింపిక్ రికార్డు కొట్టి స్వర్ణం, యారెడ్ నుగూస్ 3:27.80తో కాంస్యం. గ్రాంట్ ఫిషర్ ఐదువేలు, పదివేలు రెండింట్లోనూ కాంస్యాలు. కెనెత్ రూక్స్ స్టీపుల్‌చేజ్‌లో రజతం. మొన్న టోక్యోలో హాకర్ 1500 సెమీస్‌లో అనర్హుడై, కసితో ఐదువేల స్వర్ణం కొట్టుకుపోయాడు.

తిరగేసి చూస్తే ఇంకో తమాషా: మహిళల 100 మీటర్లలో ఒలింపిక్ స్వర్ణం అమెరికా ఖాతాలో చివరిసారి నిలిచింది 1996లో, గెయిల్ డీవర్స్‌తో. 2000లో మేరియన్ జోన్స్ గెలిచినదాన్ని మందుల కేసులో తర్వాత లాగేసుకున్నారు. పరుగుల రాజ్యం నడిమధ్య కూడా ఖాళీ గది ఉంది.

పోర్ట్‌లాండ్ వెన్నెల (ఓరెగాన్)

ఇంతసేపూ చదువుతున్నాను. 2022 జూలైలో యూజీన్‌లో ప్రపంచ పోటీలు జరిగినప్పుడు నీరజ్ కోసం టికెట్లు కొన్నాం. ముందు రోజు మహిళల జావెలిన్ ఫైనల్ ఉంది, అన్ను రాణి ఉంది కదా అని దానికీ వెళ్లాం. అన్ను 61.12తో ఏడో స్థానం.

మా ముందు వరుసలో ఒక పెద్దావిడ అల్లిక పని చేసుకుంటూ కూర్చుంది, పోటీ అంతా తల ఎత్తి దించుతూనే ఉంది. చివరి విసురుకు కారా వింగర్ వచ్చింది. అప్పటికి పతకం స్థానాల్లో లేదు. వయసు 36, ఆ సీజన్‌తో ఆట మానేస్తానని ముందే ప్రకటించింది. ఆ పెద్దావిడ అల్లిక ఒళ్లో పెట్టేసింది. వింగర్ పరుగెత్తుకొచ్చి విసిరి, గీత దగ్గర బోర్లా పడబోయి ఆగింది. 64.05. రజతం. ప్రపంచ పోటీల్లో మహిళల జావెలిన్‌లో అమెరికాకు అదే మొదటి పతకం. పెద్దావిడ లేచి నిలబడింది, నూలుండ మెట్ల మీద దొర్లుకుంటూ నాలుగు వరుసలు కిందికి పోయింది. మా వారు వెళ్లి తెచ్చి ఇచ్చారు.

వింగర్ ఆ సెప్టెంబరులో బ్రసెల్స్‌లో 68.11 విసిరి అమెరికా రికార్డు కూడా పెట్టి వెళ్లింది. నీరజ్ 88.13 మరునాడు చూశాం, గొంతు పోయేలా అరిచాం. కానీ నాకు గుర్తుండిపోయింది ఆ నూలుండే.

ఒక్క మాట కలుపుతాను. కొన్ని ఖాళీలు అసలు ఖాళీలు కావు, దొంగలు కూర్చున్న కుర్చీలు. 2008 బీజింగ్ హైజంప్‌లో ఛాంటే లో అనే అమెరికా అమ్మాయి ఆరో స్థానంలో నిలిచింది. ముందున్న ముగ్గురు మందుల కేసుల్లో పట్టుబడ్డాక, ఏళ్ల తర్వాత కాంస్యం ఆమెదయింది. అదే ఒలింపిక్స్ పదివేలలో షలేన్ ఫ్లానగన్ కాంస్యం కూడా అలాగే రజతం అయింది. పాత జాబితాలు చదివేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి.

తూనీగ (బెంగళూరు)

సరే, ఓడిపోయాను. ఫుట్‌బాల్ ఒక్కటే కాదు. బడిలో వస్తువు ఉండాలి, కాలేజీలో వాటా ఉండాలి, కాలేజీ తర్వాత అన్నం ఉండాలి. టీ నేనే ఇప్పిస్తాను, మాస్టారు బెంగళూరు రావాలి.

పాత కత్తిరింపులు (వరంగల్)

టీ ఖాతాలో రాసుకున్నాను. విచిటా బాబూ, మీ అబ్బాయి సంగతి చెప్పలేదు. ఇప్పుడేమి విసురుతున్నాడు?

విచిటా నాన్న (కాన్సస్)

ఏమీ లేదు మాస్టారూ. వేసవిలో మోచేతి లోపలివైపు నొప్పి వచ్చింది, డాక్టర్ వసంతం దాకా విసరవద్దన్నారు. జావెలిన్ గ్యారేజీలో గోడకు కొట్టిన రెండు మేకుల మీద ఉంది. రెండున్నర మీటర్లు పైనే కదా, కారులో పెడితే ముందు అద్దం దగ్గర మొదలై వెనక సీట్ల మధ్య నుంచి డిక్కీ దాకా వస్తుంది, మా ఆవిడకు అది చూస్తేనే చిరాకు. వాడు రోజూ సాయంత్రం వెళ్లి దాన్ని తీసి, చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, మళ్లీ పెట్టేసి వస్తున్నాడు. విసరకుండా ఈ ఆరు నెలలు ఏం చేయించాలి?

పాత కత్తిరింపులు (వరంగల్)

డాక్టర్ సరేనంటే కాళ్లకూ నడుముకూ పని పెట్టండి. జావెలిన్‌లో చెయ్యి చివర్లో వస్తుంది, బలం ఎడమ కాలు నేల మీద బిగిసి ఆగడంలో పుడుతుంది. చేతిలో ఏమీ లేకుండా అడుగులు వేయించండి: పక్కకు తిరిగి అడ్డడుగులు, చివర ఎడమ కాలు నిటారుగా. గ్యారేజీ ముందు సుద్దముక్కతో గీతలు గీయండి. రోజుకు ఇరవై సార్లు చాలు. మోకాలు వంగితే ఆ సారి లెక్కలోకి రాదని ముందే చెప్పండి, లేకపోతే మోసం చేస్తాడు. మా పిల్లలందరూ చేశారు.